మొక్కు జుట్టు

తుమకూరు, హాస్టలు
ఆగస్టు, 1986

అక్కకు,

నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను. ఇంతవరకు అమ్మకు చదివి వినిపించు. ఇక్కణ్ణుంచి కింద ఉన్నది నీకొక్కదానికే. తెలుగులో రాయడం కూడా అందుకే. ఈ హాస్టల్లో ఎవరి ఉత్తరమైనా పదిమంది చదివాకే మనిషికి అందుతుంది. కన్నడంలో రాస్తే నా సంగతి మెస్సు దాకా పోతుంది. నువ్వూ తెలుగులోనే రాయి.

మూడో సెమిస్టరు మొదలైంది. పోయినేడు వర్క్‌షాపు అంటే ఆకురాయితో ఇనుము అరగదీయడం, రంపంతో చెక్క కోయడం. నా జుట్టు జోలికి ఎవరూ రాలేదు. తలకు గుడ్డ చుట్టుకుని పోతే తోటివాళ్ళు సన్నాసి అని పిలిచేవాళ్ళు, అంతే. ఈ ఏడు మెకానికల్ వాళ్ళకు మిషన్ షాపు పెట్టారు. పెద్ద షెడ్డులో వరసగా లేత్ మిషన్లు ఉన్నాయి. ఇనుప కడ్డీని పిడికిలి లాంటి ఒక దాంట్లో బిగిస్తారు, దాన్ని చక్ అంటారు. మోటారు వేస్తే చక్, కడ్డీ కలిసి గిర్రున తిరుగుతాయి. మనం దగ్గరగా నిలబడి, పదును ముక్కను ఆనించి ఆ కడ్డీని చెక్కాలి. శెనక్కాయలు ఒలిచే మిషను దగ్గర నిలబడితే ఎట్లా ఉంటుందో నీకు తెలుసు కదా. దానికి మొహం ఆనించి పని చేయమన్నట్టు ఉంటుంది.

మా ఇన్‌స్ట్రక్టరు పేరు గంగాధరప్ప. మొదటి రోజే మమ్మల్ని వరసగా నిలబెట్టి వాచీలు తీయించాడు, చొక్కా చేతులు పైకి మడిపించాడు, అంచులు లోపలికి దోపించాడు. నా దగ్గరికి వచ్చి తలగుడ్డ విప్పితే జుట్టంతా భుజాల మీద పడింది. ఆయన నవ్వలేదు. జుట్టైనా బయట పెట్టి రా, లేదా నువ్వే బయట ఉండు అన్నాడు. అప్పట్నుంచి ప్రతి క్లాసుకూ నేను గుమ్మం బయట నిలబడుతున్నాను.

నూటికి డెబ్బై ఐదు హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఈ ఒక్కటి పోతే ఏడాదంతా పోతుంది. ఏడాది పోతే హాస్టల్లో ఉంచరు. ఆ తర్వాత నేను నాయన వెనకాల తుంగభద్ర కాలువల మీద గొర్రెలు తోలుకోవాలి. ఆ పని తప్పని కాదు, ఈ కరువులో మనకు మిగిలిన గొర్రెలు నాయనకూ బావకూ కూడా సరిపోవడం లేదు.

నేను ఇంజనీరు అయ్యేదాకా నా జుట్టుకు కత్తెర తాకించనని అమ్మ మొక్కుకున్నప్పుడు, ఈ చదువు కూడా ఐటీఐ లాంటిదే, ఇంకో శెనక్కాయ పంటకు అయిపోతుంది అనుకుంది. నాలుగేళ్ళని తెలిసేసరికి మాట దేవుడి దగ్గరికి పోయింది. మధ్యలో ఒకసారి కత్తిరించుకోవచ్చా అని మెల్లగా అడిగి చూడు. నాకు భయంగా ఉంది అక్కా. మిషనంటే భయం, ఏడాది పోతుందని భయం, అమ్మ ఏమంటుందోనని అన్నిటికన్నా పెద్ద భయం.

నీ తమ్ముడు,
ఓబళప్ప

*

హట్టి, నాగలమడిక హోబళి
సెప్టెంబరు మొదట్లో

ఓబళా,

ఒక్క ముక్క చదివి ఆపేస్తే అమ్మ ఊరుకుంటుందా? "కాగితం నిండా రాసినాడు, ఇంతేనా చెప్పేది?" అని నా చేతిలోంచి లాక్కుని తిప్పి తిప్పి చూసింది. చదవడం రాదు కాబట్టి బతికిపోయాను. అప్పటికప్పుడు అల్లి చెప్పాను, మెస్సులో రాగిముద్ద మెత్తగా ఉంటుందట, నీకు కాస్త ఒళ్ళు వచ్చిందట అని. ఈసారి నుంచి అబద్ధాలు కూడా నువ్వే రాసి పంపు. అంగన్‌వాడీలో పొద్దంతా పిల్లలకు కథలు చెప్పి, ఇంటికొచ్చి అమ్మకు కూడా చెప్పాలంటే నా వల్ల కాదు.

ఇక్కడ వాన లేదు. శెనక్కాయకు ఊడలు దిగే వేళకు మొహం చాటేసింది. చెట్టు పీకితే అక్కడొకటి ఇక్కడొకటి బుడ్డలు. నాయన, మీ బావ గొర్రెలతో కంప్లి దాటిపోయారని కబురు వచ్చింది.

జుట్టు సంగతి. నీకు ముందు పుట్టిన ఆంజనప్ప చిన్నప్పుడే పోయాడని నీకు తెలుసు. ఎట్లా పోయాడో ఇంట్లో ఎవరూ నీకు చెప్పి ఉండరు. వాడిదీ మొక్కు జుట్టే. ఐదేళ్ళు నిండాక దేవుడికి ఇవ్వాలి. నాలుగో ఏట తలనిండా పుండ్లు పడ్డాయి, పేలు పట్టాయి. అమ్మ చేలోకి పోయినప్పుడు చూసి అవ్వ కత్తిరించేసింది, పిల్లోడు బాధపడుతున్నాడని. నేను పళ్ళెం పట్టుకున్నాను, వెంట్రుకలు నేల మీద పడకుండా. ఆ నెలలోనే జ్వరం వచ్చి వాడు పోయాడు. అమ్మ అవ్వతో గొడవ పడలేదు. అవ్వ చచ్చిపోయేదాకా ఆమెతో మాట్లాడలేదు, అంతే.

అందుకని నన్ను అడగమనవద్దు. పుండ్ల వల్లే పోయాడో, దేవుడి వల్లే పోయాడో నాకు తెలియదు. అంగన్‌వాడీకి వచ్చే నర్సమ్మ పుండ్లే అంటుంది. నేనూ పగలంతా అట్లాగే అనుకుంటాను. కానీ నీ ఉత్తరం చదివినప్పుడు నా చేతిలో మళ్ళీ ఆ పళ్ళెం ఉన్నట్టు అనిపించింది.

గట్టిగా ముడి వేసి, మీద టవలు బిగించి కట్టుకో. మీ ఇన్‌స్ట్రక్టరుకు దేవుడి జుట్టని చెప్పు. ఆయన ఇంట్లోనూ ఒక దేవుడు ఉంటాడు కదా.

హొన్నూరమ్మ

*

తుమకూరు
సెప్టెంబరు

అక్కకు,

ఈ ఉత్తరంలో అమ్మకు చదవదగ్గది ఏమీ లేదు. వేరే కార్డు రాశాను, అది చదువు.

నువ్వు చెప్పినట్టే చేశాను. దేవుడి జుట్టు సార్ అన్నాను. మా ఇంట్లోనూ దేవుడున్నాడు, ఆ మాట ఈ మిషనుకు ఎవరు చెప్తారు అన్నాడు గంగాధరప్ప. బతిమాలాను. చివరికి టవలు ఆయనే లాగి చూసి, ఒక్కరోజు చూస్తానన్నాడు. కడ్డీ కొస చదును చేసే పని ఇచ్చాడు.

బాగానే మొదలుపెట్టాను. కొలత సరిపోయిందేమో చూద్దామని వంగాను. టవలు కొస ఎప్పుడు వదులైందో నాకు తెలియదు. ముందు మెడ దగ్గర ఎవరో లాగినట్టు అనిపించింది, మావాళ్ళెవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. మరుక్షణం తల కిందికి పోతోంది. టవలు చక్‌కు చుట్టుకుంటోంది, దాంతోపాటు ముడి ఊడి జుట్టు కూడా. చేతులు రెండూ మిషను మీద ఆనించి వెనక్కి లాగుతున్నాను, అది నన్ను లెక్కచేయడం లేదు. స్విచ్చి నాకు అందదు. అరిచానో లేదో గుర్తు లేదు.

కరెంటు పోయింది.

డ్యాముల్లో నీళ్ళు లేవని రోజూ తీస్తున్నారే, ఆ కోతే. షెడ్డులో మిషన్లన్నీ మెల్లగా ఆగిపోయాయి. నా నుదురు ఆ ఇనుముకు జానెడు దూరంలో ఉంది. గంగాధరప్ప వచ్చి చక్‌ను చేత్తో వెనక్కి తిప్పుతూ నన్ను విడిపించాడు. బయటికి తీసుకుపోయి టీ తాగించి అప్పుడు చెప్పాడు, "దసరా లోపల కత్తిరించుకుని రా. లేకపోతే నీ పేరు కొట్టేస్తాను. నిన్ను మూటగట్టి మీ అమ్మకు పంపే పని నాతో కాదు."

అప్పట్నుంచి షెడ్డు దాకా పోతున్నాను. మోటారు చప్పుడు వినగానే కాళ్ళు ఆగిపోతాయి. క్లాసు మొత్తం బయట గోడ పక్కన కూర్చుని వస్తున్నాను. ఆంజనప్ప సంగతి నువ్వు రాయకపోతే నేనే పోయి కత్తిరించుకుని ఉండేవాణ్ణేమో. ఇప్పుడు అదీ చేయలేను. ఉంచుకుంటే మిషను, తీసేస్తే దేవుడు. దేవుడినే అడగండి అక్కా. పువ్వు అడగండి. ఏది చెప్తే అది చేస్తాను.

ఓబళప్ప

*

హట్టి
సెప్టెంబరు చివర

ఓబళా,

నీ ఉత్తరం చదివి ఆ పూట అంగన్‌వాడీ తలుపు తీయలేదు. సాయంత్రం అమ్మకు అంతా చెప్పేశాను, టవలు సంగతితో సహా. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. లేచి పోయి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, మళ్ళీ వచ్చి కూర్చుంది. "జుట్టుతో పాటు లాగిందా?" అని ఒక్కటే అడిగింది. రెండు పూటలు ముద్ద ముట్టలేదు. తర్వాత తనే అంది, పువ్వు అడుగుదామని.

సోమవారం పొద్దున గుడికి పోయాం. నువ్వు చిన్నప్పుడు చూశావో లేదో. పూజారి ఎర్రిస్వామి రెండు పువ్వులు నీళ్ళలో తడిపి దేవుడి రాతికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి అంటిస్తాడు. మనసులో మాట చెప్పుకుని కూర్చోవాలి. కుడివైపుది ముందు రాలితే సరే, ఎడమవైపుది రాలితే వద్దు. అమ్మ చూసే ధైర్యం లేదని కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. నన్ను చూసి చెప్పమంది. చాలాసేపు ఏదీ కదల్లేదు.

కుడివైపుది రాలింది. అమ్మకు చెప్పాను. ఎర్రిస్వామి తీర్థం ఇచ్చాడు. ఇంటికి వచ్చేశాం.

కత్తిరించుకో. మంగలికి ముందే చెప్పి కింద గుడ్డ పరిపించు, ఒక్క వెంట్రుక నేల మీద పడకూడదు. మూటగట్టి పెట్టెలో పెట్టు. ఇంకేమీ అడగవద్దు, నాకు వండే పని ఉంది.

హొన్నూరమ్మ

*

తుమకూరు
అక్టోబరు

అక్కకు,

ఇది అమ్మకు మొత్తం చదువు.

కత్తిరించుకున్నాను. మంగలి తెల్లగుడ్డ పరిచి, పెళ్ళికొడుకుకు చేసినంత మర్యాదగా చేశాడు. మూట నా పెట్టెలో అడుగున ఉంది. తల ఎంత తేలికైందంటే నడుస్తుంటే ఏదో మరిచిపోయి వచ్చినట్టు తడుముకుంటున్నాను. గంగాధరప్ప నన్ను గుర్తుపట్టలేదు, కొత్తవాడివా అన్నాడు. దసరా సెలవుల్లో కూడా షెడ్డు తెరిచి నేను బయట ఉండి పోగొట్టుకున్న పాత క్లాసులు చేయిస్తానన్నాడు.

లోపలికి పోయాను అక్కా. గుమ్మం దగ్గర కాళ్ళు మళ్ళీ ఆగాయి. దేవుడే సరే అన్నాడు కదా, నువ్వెవరు ఆగడానికి అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ ఒక్క మాట లేకపోతే గడప దాటేవాణ్ణి కాదు. మొదటి కడ్డీని మూడు మెట్లుగా చెక్కాను, ఒక్కో మెట్టు ఒక్కో లావు. గంగాధరప్ప కొలిచి చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే బాగున్నట్టట. చెక్కిన ఇనుము వెండిలా మెరుస్తుంది, వేడిగా ఉంటుంది. దాన్ని చేతిలో పెట్టుకుంటే ఈ చదువు నాకు వస్తుందని మొదటిసారి అనిపించింది. లెక్కలు, థర్మోడైనమిక్స్ ఇంకా ఇంగ్లీషులోనే భయపెడుతున్నాయి కానీ వాటిని కూర్చుని చదవచ్చు.

నిన్నటి నుంచి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. జ్వరమేమో. మెస్సు నీళ్ళు అట్లా ఉన్నాయి.

ఓబళప్ప

*

హట్టి
అక్టోబరు

ఓబళా,

జ్వరమని చివర ఒక ముక్క రాసి ఊరుకుంటావా? ఎంత జ్వరం? వచ్చి పోతోందా, విడవకుండా ఉందా? మాటలు తడబడుతున్నాయా? డాక్టరుకు చూపించావా? చూపించకపోతే ఈ కాగితం కింద పెట్టి వెంటనే పో. రోజూ ఒక కార్డు రాయి. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయి. కార్డు రాని రోజు నేను పావగడ పోయి బస్సెక్కుతాను.

ఆ ముక్క అమ్మకు చదవలేదు.

మిషన్ షాపుకు పోవద్దు. ఏడాది పోతే పోనీ. పోయిందని ఎవరైనా చచ్చిపోతారా? ఇంటికి వచ్చేయి, నా కళ్ళ ముందు ఉండు. చదువు ఎవరికి కావాలి, మనకేం ఇంతకుముందు ఇంజనీర్లు ఉన్నారా? కత్తిరించుకున్న మూట జాగ్రత్తగా ఉందా? ఎలుకలు కొట్టలేదు కదా? ఒకసారి తీసి చూడు. వద్దు, తీయవద్దు, తాకవద్దు.

ఇవాళ పిల్లలకు ఉప్మా మాడబెట్టాను. పాపం మాడుదే తిని పోయారు. నాకేమీ కాలేదు, బాగానే ఉన్నాను. నువ్వు జ్వరం సంగతి మాత్రం రాయి.

అక్క

*

హట్టి
నవంబరు

ఓబళప్పకు,

మీ అమ్మ కరియమ్మ చెప్పగా పూజారి ఎర్రిస్వామి రాసేది. చెప్పింది చెప్పినట్టే రాయమని నాచేత ఒట్టు వేయించింది. అట్లాగే రాస్తున్నాను.

నాయనా, జరం తగ్గిందా? నీకు జరమని మీ అక్క నాకు చెప్పలేదు. ఉత్తరం చదువుతా చదువుతా కడాకు వచ్చి ఆగిపాయ. దాని మొగం చూసి నేనే కనుక్కుంటిని. దానికి అబద్ధం చెప్పేది వస్తాది, మొగం దాచేది రాదు. మొన్న నీ కార్డు వచ్చినాక నగుతా ముద్ద తిన్యాది. తగ్గింటాదిలే అనుకున్యా.

నీకొక మాట చెప్పల్ల. ఆ పొద్దు రాలింది ఎడమపక్క పువ్వు. నేను కండ్లు మూసుకోలేదు. మూసుకున్నట్ల కూర్చొని రెప్పల సందున చూస్తానే ఉండినా. పువ్వు పడినాక మీ అక్క దాని తట్టు చూసింది, నా తట్టు చూసింది. "కుడిదమ్మా" అనింది. నేను కండ్లు తెరిచి "అట్లనా, మంచిది" అన్యా.

దాన్ని తప్పు పట్టొద్దు. మిషను నిన్ను గుంజుకునేది దాని కండ్లకు కనపడతాండాది. దేవుడు ఏం చేస్తాడో ఎవురికీ కనపడదు. కనపడేదాని నుంచి నిన్ను తప్పించింది. ఆంజనప్పప్పుడు పళ్ళెం పట్టింది అదే. అంత భయం కడుపులో పెట్టుకోని ఆ మాట అనిందంటే, దానికి నీ మీద ఎంత ఉండాదో చూడు. నేనూ అదే అందును, నాకు నోరు రాలేదు.

మరుసటి పొద్దు ఒక్కదాన్నే గుడికి పోయినా. "సామీ, మాట ఇచ్చింది నేను, తప్పింది నేను. పిల్లోని తట్టు చూడొద్దు, పాప తట్టు చూడొద్దు. చూస్తే నా తట్టు చూడు" అని చెప్పినా. అప్పటి నుంచి నా తలకు నూనె పెట్టలేదు, దువ్వెన పెట్టలేదు. నీ ఎంటికలకు బదులు నా ఎంటికలు ఉండాయి. నువ్వు ఇంజనీరైన పొద్దు ఇచ్చేస్తా. మీ అక్క దువ్వెన ఎత్తుకోని వస్తే తలనొప్పి అంటాండా.

ఇంకొకటి. దేవుడు సరే అన్నాడని ధైర్యంగా లోపలికి పోయినా అని రాసినావు. ఆ ధైర్యం వద్దు నాయనా. దేవుడు సరే అనలేదు. దానికే ఈ ఉత్తరం రాయిస్తాండేది. నీ తల నువ్వే చూసుకో, నీ చేతులు నువ్వే చూసుకో. భయపడతానే పని చెయ్. చదువు మాత్రం ఇడ్సొద్దు. ఇడిస్తే మీ అక్క ఆడిన అబద్ధం ఉత్తదైపోతాది.

నాకు తెలుసని మీ అక్కకు చెప్పొద్దు. అమ్మ నమ్మిందనే నెమ్మది ఒక్కటే దానికి ఉండేది.

కరియమ్మ చెప్పింది ఇంతే. కింద నా మాట. నేనూ చూశాను. పూజారిని కాబట్టి ఎడమదని చెప్పాలి. హొన్నూరమ్మ మొహం చూసి తీర్థం చెంబు ఎత్తుకున్నాను. దీపం పెట్టేటప్పుడల్లా నాకూ భయంగానే ఉంటోంది. నువ్వు బాగుంటే నాకు చాలు.

ఎర్రిస్వామి

*

తుమకూరు
డిసెంబరు, 1986

అక్కకు,

ఈ ఉత్తరం పైనుంచి కింది దాకా అమ్మకు చదవచ్చు. దాచిపెట్టమనే ముక్క ఇందులో ఒక్కటీ లేదు.

జ్వరం పూర్తిగా పోయింది. కార్డుల్లో రాశాను కానీ నువ్వు నమ్మవు, అందుకే మళ్ళీ రాస్తున్నాను. డాక్టరు మాత్రలిచ్చి కాచిన నీళ్ళు తాగమన్నాడు. ఇప్పుడు మెస్సులో రెండు ముద్దలు తింటున్నాను. ఇది అల్లి చెప్పింది కాదు.

పరీక్షకు కూర్చోనిచ్చేవాళ్ళ పేర్లు ఆఫీసు బోర్డు మీద పెట్టారు. నా పేరు ఉంది. చివరిదాకా చూసి, నమ్మకం కుదరక మళ్ళీ మొదటి నుంచి చూశాను. హాల్ టికెట్టు కూడా వచ్చింది. గంగాధరప్ప సెలవుల్లో పాత క్లాసులన్నీ చేయించాడు. ఒక్కటి కూడా మానలేదు. కడ్డీకి మరలు కోయడం కూడా నేర్చుకున్నాను, బోల్టుకు ఉంటాయే అవి.

మిషను దగ్గర ఎట్లా ఉంటున్నానని అడిగావు. బాగా జాగ్రత్తగా ఉంటున్నాను. చక్ బిగించే తాళంచెవి లాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని అక్కడే మరిచి మోటారు వేస్తే ఎగిరి మొహాన కొడుతుంది. నేను తీసి జేబులో వేసుకుని, స్విచ్చి వేసే ముందు మళ్ళీ జేబు తడిమి చూసుకుంటాను. చేతులు మడిచానా, గుండీ పెట్టానా, కాళ్ళ కింద ఇనుప రజను ఉందా, అన్నీ చూశాకే వేస్తాను. అందరూ సగం పని చేసేసరికి నేను మొదలుపెడతాను. సన్నాసి పోయి ముసలోడు వచ్చాడని మావాళ్ళు నవ్వుతున్నారు. గంగాధరప్ప మాత్రం నవ్వినవాళ్ళను నా పక్కన నిలబెట్టి, వీడు చేసేది చూసి నేర్చుకోండి అన్నాడు. నా చేతులు వణుకుతున్నాయని ఒకడు అన్నాడు. అది మోటారు అదురు. పాత మిషను కదా, పట్టుకున్నవాడి చేతులు అట్లాగే అదురుతాయి.

జనవరిలో పరీక్షలు. లెక్కల పేపరు తలచుకుంటే నోరు ఎండిపోతుంది, అయినా చదువుతున్నాను. ఇది గట్టెక్కితే ఇంకా ఐదు సెమిస్టర్లు ఉంటాయి. ఒక్కటి కూడా తప్పను. తప్పకూడదు.

అమ్మకు తలనొప్పి ఎక్కువగా ఉంటోందని రాశావు. దువ్వెన తీసుకుని వెంటపడవద్దు. కొందరికి తల ముడితేనే నొప్పి ఎక్కువవుతుంది. నూనె పెడతానని కూడా బలవంతం చేయవద్దు. నేను వచ్చేదాకా ఆమెను అట్లా వదిలెయ్యి. వాన రాలేదని దిగులు పెట్టుకోకుండా మాత్రం చూసుకో.

నువ్వు సరిగ్గా తినడం లేదని నీ రాతే చెప్తోంది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నాకేమీ కాదు అక్కా. పువ్వు కుడివైపే పడింది కదా, నువ్వు నీ కళ్ళతో చూశావు కదా, ఇంక నీకెందుకు భయం?

నీ తమ్ముడు,
ఓబళప్ప